టోపీ పంపిన నటి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



ఇవాళ మీకు ఒక సినీనటి గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆవిడ మన దేశం మనిషి కాదు. పేరు చెప్పినా మనలో చాలామందికి కొత్తగానే ఉంటుంది. కారాడి కతలిన్. హంగెరీ దేశస్థురాలు. అక్కడివాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, అసలు పేరు తర్వాత చెబుతారు. యూరపులో మిగతావాళ్లు సాధారణంగా అలా చెప్పరు. అందుకే నేనూ కారాడి కతలిన్ అనే అన్నాను. నిజానికి ఆ ఇంటిపేరు ఆవిడకి పుట్టింటిదీ కాదు, అత్తింటిదీ కాదు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

సినిమాతార జీవితం అనగానే మనం ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని మేడలు, ఎన్ని కార్లు అని వినడానికి సిద్ధపడతాం. ఇందులోనూ అలాంటివి కొద్దోగొప్పో లేకపోలేదు లెండి. కాని నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఆవిడ నగల సంగతి. నగలంటే మనకి ఆసక్తి లేకపోవడమేమిటి!

కతలిన్ 1910 డిసెంబరు 8న బుడాపెస్టు నగరంలో కొబాన్యా అనే పేటలో పుట్టింది. ఆ మాటకి అర్థమే రాళ్ల గని. కూలీనాలీ చేసుకునేవాళ్లు, కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు ఉండే చోటు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. వాళ్ల ఇంటిపేరు కాంట్స్‌లర్. ఇంట్లో ఏడుగురు పిల్లలు. ఆ పిల్ల నాలుగేళ్లది కాకముందే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అది ముగిసేసరికి హంగెరీ ఓడిపోయిన దేశం. 1920 సంధిలో దేశంలో మూడింట రెండు వంతుల భూభాగం పరాయివాళ్ల పాలైంది. ఊళ్లలో తిండి లేదు, చలికి కాచుకోడానికి బొగ్గు లేదు.

ఆ రోజుల్లో ఒక మంచిపని జరిగింది. బక్కచిక్కిన హంగెరీ పిల్లల్ని ధర్మసంస్థలవాళ్లు రైళ్లెక్కించి హాలెండు, స్విట్జర్లాండు వంటి దేశాలకి పంపించారు. అక్కడ ఎవరో ఒక గృహస్థు, ఎవరో ఒక ఇల్లాలు, ఆ పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని, కడుపునిండా తిండిపెట్టి, బట్టలు కుట్టించి, కాస్త ఒళ్లు చేశాక తిరిగి పంపేవారు. మన కతలిన్ కూడా అలా వెళ్లింది. స్విట్జర్లాండులోనూ హాలెండులోనూ కలిపి కొన్నేళ్లు ఉంది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు వండిపెట్టిన అన్నం తిని పెరిగింది. అన్నం అని నా అలవాటుకొద్దీ అంటున్నాను, వాళ్లకి అది రొట్టే అనుకోండి. ఈ విషయం కాస్త గుర్తుంచుకోండి.

తిరిగి వచ్చాక ఇల్లు ఎప్పటిలాగే ఉంది. తండ్రి కఠినుడు. ఇరవయ్యేళ్ల వయసులో ఒక కస్టమ్స్ ఉద్యోగిని పెళ్లాడింది. ఆ ఇంట్లోంచి బయటపడడానికే చేసుకుంది అంటారు. ఆ కాపురం నిలవలేదు. కొన్నేళ్లకి విడాకులయ్యాయి. ఈ భాగం గురించి నేనంతకంటే చెప్పను. ఇలాంటి పెళ్లిళ్లు ఎలా జరుగుతాయో, ఎందుకు నిలవవో మనకి తెలియనిదేముంది?

అప్పుడు తటస్థపడ్డాడు యెజెద్ జొల్తాన్ అనే పత్రికారచయిత. నాటకాల మీద, సినిమాల మీద రాసేవాడు. మంచి పలుకుబడి ఉన్నవాడు. ఈ అమ్మాయిని చూశాడు, గొంతు విన్నాడు. తారని చేస్తానన్నాడు. నటన నేర్పించే పెద్దల దగ్గరికి పంపించాడు. ఏ బట్ట కట్టాలో, ఎలా నడవాలో, ఎవరితో ఎంతవరకు మాట్లాడాలో అన్నీ ఆయన చెప్పినట్టే. కాంట్స్‌లర్ అనే పేరు తెరకి పనికిరాదని, కారాడి అనే పేరు పెట్టింది కూడా ఆయనే. ఊరికే చేయలేదు సుమండీ! ఆవిడ సంపాదనలో వాటా మాట్లాడుకున్నాడు. మనిషిని బొమ్మలా తయారుచేసి, ఆ బొమ్మ ఆడినన్నాళ్లూ వాటా తీసుకోవడం సినిమాలోకానికి కొత్త కాదు.

1939లో ఆవిడ మొదటి చిత్రం వచ్చింది. 'హలాలోష్ తవస్'. చావుతో ముడిపడ్డ వసంతం అని అర్థం చెప్పుకోవచ్చు. జిలహి లయోష్ అనే పేరున్న నవలారచయిత నవల అది. కల్మార్ లస్లో దర్శకుడు. కథానాయకుడు యావొర్ పాల్, అప్పటికే దేశమంతా ఆరాధించే నటుడు. కథలో గొప్పింటి అమ్మాయి ఎదిత్, ఒక యువకుడి మనసు దోచుకుంటుంది, అతనితో ఆడుకుంటుంది. చివరికి అతను తుపాకీతో కాల్చుకుని చచ్చిపోతాడు. ఆ ఎదిత్ వేషం మన కతలిన్‌ది. అప్పటిదాకా హంగెరీ సినిమాల్లో కథానాయిక అంటే గలగల నవ్వే చిలిపి పిల్ల, లేకపోతే కన్నీళ్లు తుడుచుకునే సాధ్వి. ఈవిడ ఆ రెండూ కాదు. నెమ్మదిగా నడుస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. కళ్లు సగం వాల్చి చూస్తుంది. పాట పాడితే ఆ గొంతు మగగొంతా అని సందేహం వచ్చేంత లోతుగా ఉంటుంది.

ఆ గొంతే ఆవిడ అదృష్టం. గ్రామఫోను రికార్డులు విపరీతంగా అమ్ముడుపోయాయి. పట్నం ఆడవాళ్లు ఆవిడలాగే జుట్టు దువ్వుకోవడం, ఆవిడలాగే భుజాలెత్తుగా ఉన్న కోట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టారు. నీతి చెప్పేవాళ్లు తిట్టారు. తిట్టినకొద్దీ హాళ్లు నిండాయి.

చిత్రమేమిటంటే సరిగ్గా ఆ 1939లోనే మన దగ్గర 'వరవిక్రయం' వచ్చింది. చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వం. అందులో కాళింది వేషంతో భానుమతిగారు తెరమీదికి వచ్చారు. ఆవిడ కూడా తన పాట తనే పాడుకునే నటి, ఎవరి అచ్చులోనూ ఒదగని గొంతు. పోలిక అంతవరకే. భానుమతిగారికి జీవితాంతం పాడుకోవడానికీ, రాసుకోవడానికీ, తనకి తోచినట్టు సినిమా తీసుకోవడానికీ వీలు దొరికింది. కతలిన్‌కి దొరికింది అయిదంటే అయిదేళ్లు. 1939 నుంచి 1944 దాకా ఆ అయిదేళ్లలో ఇరవై దాకా సినిమాలు చేసింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ అయిదేళ్లలో హంగెరీ సినిమా అంత జోరుగా సాగిందంటే, అందరి పాలిటా జోరు కాదు. 1938లో ఒక చట్టం, 1939లో ఇంకొక చట్టం చేసి యూదు జాతివాళ్లని ఉద్యోగాల్లోంచి, నాటకాల్లోంచి, సినిమాల్లోంచి తొలగించడం మొదలుపెట్టారు. మొదటి చట్టం నూటికి ఇరవైమందికి మించకూడదంది. రెండవది నూటికి ఆరుగురు చాలంది. ఎంతో పేరున్న నటులు, దర్శకులు, సంగీతం కట్టేవాళ్లు రాత్రికి రాత్రి పనిలేనివాళ్లయ్యారు. అలా ఖాళీ అయిన చోట్లలో కొత్తవాళ్లు వెలిగారు. వాళ్లలో కతలిన్ ఒకతె. ఆ చట్టాలు ఆవిడ చేయలేదు, నిజమే. కాని ఆవిడ పైకొచ్చిన కాలం అది. నగల సంగతి దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఈ మాట కూడా గుర్తొస్తూ ఉంటుంది.

సినిమాలన్నీ మంచివని చెప్పలేం. చాలావరకు ఒకే మూస. అపాయకరమైన అందగత్తె, ఆవిడ వలలో పడ్డ పెద్దమనిషి, మధ్యలో మూడు పాటలు. వాటిలో రెండు మాత్రం చెప్పుకోవాలి. ఒకటి జిలహి నవలే ఇంకొకటి, 'వలమిత్ విస్ అ వీజ్'. ఏటిలో ఏదో కొట్టుకొస్తోంది అన్నట్టు. ఒడ్డున భార్యాబిడ్డలతో ప్రశాంతంగా బతికే జాలరి నీళ్లలో కొట్టుకొస్తున్న ఒక ఆడమనిషిని బయటికి లాగుతాడు. ఆవిడ ఎవరో, ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇంట్లో పెట్టుకుంటారు. మెల్లిగా ఆ జాలరి మనసు ఆవిడమీదికి పోతుంది, కాపురం కకావికలవుతుంది. ఆ అపరిచితురాలు అనాద, మన కతలిన్. జాలరి మళ్లీ యావొర్ పాల్. రెండవది 1944లో వచ్చిన 'మచిత'. అందులో ఆవిడది శత్రుదేశపు గూఢచారి వేషం. సైనిక రహస్యాలు దొంగిలించడానికి నాట్యకత్తెగా వస్తుంది.

సినిమాలో గూఢచారి వేషం వేసిన మనిషిని అదే ఏడాది నిజంగానే గూఢచారి అని పట్టుకున్నారు!

దానికి కారణం ఉంది. 1942 ప్రాంతంలో ఆవిడకి ఉయ్‌సాసి ఇష్త్వాన్ అనే సైన్యాధికారితో పరిచయమైంది. ఆయన సామాన్యుడు కాదు. హంగెరీ సైనిక గూఢచారి శాఖని నడిపినవాడు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. హంగెరీ అప్పుడు హిట్లర్ పక్షాన యుద్ధం చేస్తోంది. అయితే ఓడిపోతామని తెలిసిన పెద్దలు కొందరు లోపల్లోపల ఇంగ్లండు, అమెరికాలతో రాజీబేరాలకి దారులు వెతుకుతున్నారు. వాళ్లలో ఉయ్‌సాసి ఒకరు. ఈ సంగతి జర్మనులు పసిగట్టారు. 1944 మార్చి 19న జర్మను సైన్యం హంగెరీలోకి వచ్చి కూచుంది. నెల తిరిగేసరికి, ఏప్రిల్‌లో, గెస్టపోవాళ్లు కతలిన్‌ని అరెస్టు చేశారు. మిత్రరాజ్యాలకి గూఢచర్యం చేస్తోందని నేరం మోపారు. సుమారు మూడు నెలలు నిర్బంధంలో ఉంచి చిత్రహింసలు పెట్టారు. చివరికి ఉయ్‌సాసి స్నేహితుల పూనికవల్ల బయటపడింది. ఆరు నెలల క్రితం దేశమంతా ఎవరిలా జుట్టు దువ్వుకుందో, ఆ మనిషి ఒళ్లంతా దెబ్బలతో ఇంటికి చేరింది.

సరిగ్గా ఆ నెలల్లోనే, మే మధ్యనుంచి జూలై మొదటివారాల దాకా, హంగెరీ పల్లెల్లోంచీ చిన్న పట్నాల్లోంచీ నాలుగు లక్షల ముప్ఫైవేల పైచిలుకు యూదుల్ని రైళ్లలో కుక్కి తీసుకుపోయారు. చాలామందిని ఆష్‌విట్స్‌కి. మిగిలింది రాజధాని నగరం ఒక్కటే. అక్టోబరు 15న 'బాణపు శిలువ' అనే పార్టీవాళ్లు జర్మనుల అండతో ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నారు. బుడాపెస్టు వీధుల్లో పగలే దౌర్జన్యం. ఇళ్లలో దాగినవాళ్లని బయటికి ఈడ్చేవాళ్లు. రాత్రుళ్లు డాన్యూబు నది గట్టుకి నడిపించుకుపోయి, నీళ్ల అంచున నిలబెట్టి కాల్చేవాళ్లు. కాల్చేముందు చెప్పులూ బూట్లూ విప్పించేవాళ్లు. యుద్ధకాలంలో బూట్లకి విలువెక్కువ కదండీ. మనిషి ఏట్లోకి, బూట్లు సంచిలోకి. ఇప్పుడు అదే గట్టుమీద ఇనుముతో చేసిన అరవై జతల బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. 2005లో ఆ స్మారకం కట్టారు. మగవాళ్ల బూట్లు, ఆడవాళ్ల మడమజోళ్లు, వాటిలో చిన్నపిల్లలవి కూడా.

ఆ చలికాలంలో కతలిన్ ఆ గట్టుకి వెళ్లింది. అక్కడ చంపడానికి తెచ్చిన యూదుల పిల్లలు కొందరున్నారు. ఆవిడ ఆ తుపాకుల వాళ్లతో బేరమాడింది. తన నగలు, తన బంగారం వాళ్ల చేతుల్లో పెట్టి, బదులుగా ఆ పిల్లల్ని అడిగింది. వాళ్లు పుచ్చుకున్నారు. పిల్లల్ని వదిలేశారు. ఆవిడ వాళ్లని తన ఇంటికి తీసుకువెళ్లింది.

చెప్పడానికి ఇది నాలుగు వాక్యాలు. నాకు మాత్రం ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. ఆ మనుషులు ఎలాంటివాళ్లో ఆవిడకి బాగా తెలుసు. జూలై దాకా అలాంటివాళ్ల చేతుల్లోనే దెబ్బలు తిని వచ్చింది. ఆవిడ మీద పడ్డ గూఢచారి అనే ముద్ర పోలేదు. నగలు లాక్కుని, పిల్లలతోపాటు ఆవిడని కూడా గట్టు అంచున నిలబెడితే అడిగేవాడు లేడు. అయినా వెళ్లింది. ఇంకొకటి చూడండి. ఆవిడకి పుట్టింటివాళ్లు పెట్టిన నగలు కావవి, చెప్పులు కుట్టే తండ్రి ఏం పెడతాడు? తన గొంతు అమ్ముకుని, తన మొహం అమ్ముకుని, యెజెద్‌గారికి వాటా ఇచ్చి, మిగిలినదానితో కూడబెట్టుకున్నవి. ఉద్యోగం పోయింది, సినిమాలు లేవు, కాబోయే భర్త క్షేమమో కాదో తెలియదు, నగరం చుట్టూ యుద్ధం. అలాంటప్పుడు ఆడదానికి చేతిలో బంగారం ఒక్కటే దిక్కు.

బంగారం దిక్కు అనే మాట మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. మన ఇళ్లల్లో పిల్ల పుట్టగానే ఒక గొలుసు, ఎదిగాక ఒక జత గాజులు, పెళ్లికి వడ్డాణమో కాసుల పేరో చేయించేది అలంకారానికని పైకి అంటాం. లోపల సంగతి వేరు. అది రేపటికోసం దాచుకున్న ధైర్యం. మా అత్తగారు తన చేతిగాజులు నాలుగింటిలో రెండు ఆడపడుచు పెళ్లికి తీసి ఇచ్చారు. మిగతా రెండింటి జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. "అవి నా చావుకీ బతుక్కీ" అనేవారు. సొంతపిల్లల కోసం తాకట్టు పెట్టమంటేనే గుండె ఒక్కసారి గుబుక్కుమంటుంది. పేరు తెలియని పిల్లల కోసం, అది కూడా హంతకుల చేతికి, ఒక్క పూటలో అన్నీ తీసి ఇవ్వాలంటే ఎంత గుండె కావాలో మనలాంటివాళ్లం ఊహించుకోగలం. మగవాళ్లు ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడ సాహసాన్ని మెచ్చుకుంటారు. ఆ నగలు ఇచ్చేశాక ఆవిడకి ఇంకేమీ మిగల్లేదన్న సంగతి తట్టాలంటే ఆడదే కావాలేమో!

ఇంటికి తీసుకువచ్చినంత మాత్రాన అయిపోయిందా? డిసెంబరు నెలాఖరుకి సోవియట్ సైన్యం బుడాపెస్టుని చుట్టుముట్టింది. 1945 ఫిబ్రవరి 13 దాకా, యాభై రోజులు, ముట్టడి. పైనుంచి బాంబులు, వీధుల్లో ఫిరంగులు. నీళ్లు లేవు, కరెంటు లేదు, గడ్డకట్టే చలి. జనం వీధుల్లో చచ్చిపడ్డ గుర్రాల మాంసం కోసుకుపోయి తిన్నారు. డాన్యూబు మీద వంతెనలన్నీ జర్మనులు కూల్చేశారు. ఆ పరిస్థితిలో ఆవిడ ఆ పిల్లల్ని ముట్టడి ముగిసేదాకా తన ఇంట్లోనే పెట్టుకుని సాకింది. పిల్లలు ఏడ్వకుండా చూడాలి, ఎవరికంటా పడకుండా చూడాలి, ఆకలి తీర్చాలి. పిల్లల్ని దాచిన ఇల్లు అని తెలిస్తే అందరికీ చావే. ఇదంతా తెరమీద ఇరవైసార్లు మగాళ్ల కొంపలు కూల్చిన 'అపాయకరమైన' ఆడది చేసిన పని.

మొదట్లో గుర్తుంచుకోమన్నాను చూడండి, హాలెండులో ఎవరో ఇల్లాలు తిండిపెట్టి సాకిన చెప్పులు కుట్టేవాడి కూతురు. ఆ గట్టుమీద నిలబడ్డప్పుడు అది ఆవిడకి గుర్తొచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు? నాకు మాత్రం గుర్తొచ్చే ఉంటుందనిపిస్తుంది.

యుద్ధం ముగిసింది. ఆవిడ కష్టాలు ముగియలేదు. ఉయ్‌సాసి సోవియట్ సైన్యానికి చిక్కాడు. తీసుకుపోయారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో ఆవిడకి ఎవరూ నిజం చెప్పలేదు. చనిపోయాడని ఒకసారి అన్నారు. ఆ మాటకి ఆవిడ మంచం పట్టింది. భర్త కాని భర్త కోసం వితంతువు కాని వితంతువులా కొన్నేళ్లు గడిపింది. యావొర్ పాల్ సంగతి కూడా చెప్పేస్తాను, అడుగుతారు మీరు. అతని భార్య యూదురాలు. ఆ కారణంగా అతన్నీ బాణపు శిలువవాళ్లు జైల్లో పెట్టారు. బయటపడి అమెరికా పోయి, అక్కడ గుమ్మం దగ్గర కాపలా వంటి చిన్న పనులు కూడా చేసి, 1957లో తిరిగొచ్చి, 1959లో చనిపోయాడు. ఒక దేశం తన ఇద్దరు తారల్ని ఎలా చూసుకుందో చూడండి.

కొత్త ప్రభుత్వం కమ్యూనిస్టులది. 1948లో సినిమా పరిశ్రమ అంతా సర్కారు పరమైంది. పొలాల్లో ట్రాక్టరు నడిపే కథానాయికలు కావాల్సిన రోజులు. సిగరెట్టు పొగలో కళ్లు సగం మూసి పాడే మనిషి పాతకాలపు ధనికుల విలాసానికి గుర్తుగా కనిపించింది. మోరిత్స్ జిగ్మొంద్ నవల ఆధారంగా తీసిన 'ఫొర్రో మెజోక్' 1949లో విడుదలైంది. అదే ఆఖరి చిత్రం. ఆ తర్వాత తలుపులు మూసుకుపోయాయి. ఆవిడకి జనం కావాలి, జనానికి ఆవిడ కావాలి, మధ్యలో అనుమతి మాత్రం లేదు. 1951లో రహస్యంగా సరిహద్దు దాటి ఆస్ట్రియాలోకి వెళ్లిపోయింది. అప్పటికి నలభయ్యేళ్లు. చేతిలో నగలు లేవని మనకి తెలుసు.

అక్కణ్ణించి స్విట్జర్లాండు, బెల్జియం. 1953లో బ్రెజిల్ దేశంలో సావోపోలో నగరం. అక్కడ ఒక స్నేహితురాలితో కలిసి ఆడవాళ్ల దుస్తుల దుకాణం పెట్టింది. పదిహేనేళ్లు అలా గడిచాయి. 1968లో న్యూయార్కు చేరి, టోపీల దుకాణం తెరిచింది.

టోపీల పని తేలికని అనుకోకండి. రవికె కుట్టడం వచ్చిన వాళ్లకి తెలుస్తుంది. ఉన్నితో చేసిన దళసరి గుడ్డని ఆవిరి పట్టి మెత్తబరిచి, తలంత చెక్క అచ్చు మీద లాగి బిగిస్తారు. ముడతపడకుండా చేతివేళ్లతో దిద్దుతారు. ఆరి గట్టిపడ్డాక అంచు కత్తిరించి, లోపల పట్టీ కుట్టి, పైన రిబ్బనో ఈకో అమరుస్తారు. ఒక్కో తలకి ఒక్కో కొలత. కొనే ఆవిడ మొహం కోలగా ఉందా, గుండ్రంగా ఉందా చూసి అంచు వంచాలి. ఒకప్పుడు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటే దేశమంతా ఆ టోపీ కుట్టించుకునేది. ఇప్పుడు పరాయిదేశంలో, పేరు తెలియని ఆడవాళ్ల తలలకి టోపీలు అమ్ముతోంది. జాలిపడాలా? నేనైతే పడను. పని చేసుకు బతికింది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. తార అయిదేళ్లే, చేతిపని మాత్రం దశాబ్దాలు.

హంగెరీలో మెల్లిగా కాలం మారింది. ప్రభుత్వం పట్టు కాస్త సడలింది. పాత రికార్డులు మళ్లీ బయటికొచ్చాయి. అమ్మలు విన్న పాటలు పిల్లలు విన్నారు. 1980లో ఆవిడకి డెబ్భై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా స్వదేశానికి రమ్మని పిలిచారు. సన్మానం, చప్పట్లు, పత్రికల్లో ఫొటోలు, అన్నీ సిద్ధం. ఆవిడ వెళ్లలేదు. తనకి బదులుగా ఒక టోపీ పంపింది. అంతే. ఒక్క టోపీ.

ఈ టోపీ గురించి రకరకాలుగా అంటారు. అహంకారం అన్నవాళ్లున్నారు. ముసలితనం జనానికి చూపించడం ఇష్టంలేక అన్నవాళ్లున్నారు. నాకు తోచింది చెబుతాను. పిలిచినవాళ్లకి కావలసింది 1939 నాటి ఎదిత్. ఆ ఎదిత్ చచ్చి చాలా కాలమైంది. ఉన్నది న్యూయార్కులో టోపీలు కుట్టి అమ్ముకునే డెబ్భై ఏళ్ల మనిషి. ఆవిడ దగ్గర ఉన్నదేదో ఆవిడ పంపింది. పైగా ఉయ్‌సాసి ఏమయ్యాడో చెప్పని దేశానికి, తన పాటలు వద్దన్న దేశానికి, ఇప్పుడు చప్పట్లు కొడతామంటే రెక్కలు కట్టుకుని వాలిపోవాలా? మన ఇళ్లల్లో కూడా ఉంటారు, ఏ పెళ్లికీ రాని పెద్దావిడ, పిలుపు అందాక ఒక చీరముక్కో, స్వయంగా అల్లిన జాకెట్టో పంపించి ఊరుకుంటారు. ఆ కానుక విప్పి చూసి అందరూ ఒక్క క్షణం మాట్లాడరు. అలాంటిదే ఇది.

నది గట్టుమీది పిల్లల సంగతి మాత్రం ఆవిడ ఎక్కడా డప్పు కొట్టుకోలేదు. యూదుల ప్రాణాలు కాపాడిన అన్యజాతివారిని గుర్తించి గౌరవించే సంస్థ యాద్ వషేమ్ అని జెరూసలేములో ఉంది. ఆ సంస్థ 'జాతులలో ధర్మాత్ములు' అనే బిరుదుని కారాడి కతలిన్‌కి 2004లో ఇచ్చింది. అప్పటికి ఆవిడ పోయి పద్నాలుగేళ్లు. అంతకు మూడేళ్లు ముందు, 2001లో, బచో పీటర్ అనే దర్శకుడు ఆవిడ జీవితం ఆధారంగా సినిమా తీశాడు. దానికి ఆవిడ పాట పేరే పెట్టాడు. ఆరిపోతున్న సిగరెట్టు ముక్క అని దాని అర్థం.

ఆవిడ న్యూయార్కులో 1990 ఫిబ్రవరి 8న కన్నుమూసింది. హంగెరీలో కమ్యూనిస్టు పాలన పోయి, కొత్త ఎన్నికలు ఇంకా జరగని రోజులవి. శవపేటికని బుడాపెస్టుకి తెచ్చి, నగరం నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ బసిలికాలో జనం చూడడానికి ఉంచారు. ఆ తర్వాత ఫర్కష్‌రేట్ శ్మశానంలో సమాధి చేశారు. దేశం విడిచి వెళ్లిన ముప్ఫై తొమ్మిదేళ్లకి, డాన్యూబు దాటి ఆవిడ ఇంటికి వచ్చింది.

సెలవు.